ఆడితే విసుగు, మానేస్తే వెలితి... ఈ ఆన్‌లైన్ గేమ్‌తో ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగేళ్లుగా ఒక ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడుతున్నాను. మొదట్లో స్నేహితులతో ఆడుతుంటే టైమే తెలిసేది కాదు. ఇప్పుడు రోజూ అదే మ్యాప్, అవే మిషన్లు, అదే శత్రువు. తుపాకీ రంగు మాత్రం మారుతుంది. మొన్న కొత్త ఎక్స్‌పాన్షన్‌కు (ఆటకు అదనంగా అమ్మే కొత్త భాగం) దాదాపు 4 వేల రూపాయలు పెట్టాను. రెండు వీకెండ్లలో అయిపోయింది. ఆ కోపంలో కంట్రోలర్‌ను గోడకేసి కొట్టాను. నా భార్య భయపడిపోయింది. అయినా మర్నాడు రాత్రి 10 గంటలకు మళ్లీ కూర్చుని ఒంటిగంటన్నర దాకా ఆడాను. ఉదయం 7కు లేవాలి. తలనొప్పి, చిరాకు ఉంటున్నాయి. ఇది వ్యసనమా? మందులు వాడాలా? - ఒక పాఠకుడు

జవాబు: మీకు విసుగు రావడం జబ్బు కాదు. ఒకే పని వెయ్యిసార్లు చేస్తే ఆరోగ్యంగా ఉన్న మెదడు ఎవరిదైనా విసుక్కుంటుంది. మీరు నన్ను అడగాల్సిన అసలు ప్రశ్న మీ ఉత్తరంలో చివరికి వచ్చింది. అంత కోపం వచ్చాక కూడా మర్నాడు రాత్రి పదింటికి అక్కడే ఎందుకు కూర్చున్నారు? దాని గురించే ఎక్కువగా మాట్లాడతాను.

మన మెదడులో ‘కావాలి’ అనిపించే ఏర్పాటు వేరు, ‘బాగుంది’ అనిపించే ఏర్పాటు వేరు. డోపమైన్ అనగానే ఆనందాన్నిచ్చే రసాయనం అని చాలామంది అనుకుంటారు. కానీ అది ఎక్కువగా ‘కావాలి’ అనే తహతహతో ముడిపడి ఉంటుంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బెరిడ్జ్, ఆయన సహచరులు దీన్ని ఎలుకల్లో గమనించారు. డోపమైన్ దాదాపు లేకుండా చేసిన ఎలుకలు ఎదురుగా తిండి ఉన్నా దాని కోసం కదల్లేదు. అదే నోట్లో తీపి వేస్తే మాత్రం ఇష్టంగా చప్పరించాయి. అంటే వాటికి రుచి తెలుస్తోంది, కావాలన్న తపనే పోయింది. మీ పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంది. రుచి ఎప్పుడో పోయింది, తపన మాత్రం మిగిలింది. రాత్రి పది కాగానే చెయ్యి దానంతటదే కంట్రోలర్ మీదికి పోతుంది. ఇందులో మీ మనోబలం తక్కువై జరిగిందేమీ లేదు. నాలుగేళ్లపాటు రోజూ అదే వేళకు అదే పని చేస్తే శరీరం ఆ వేళను గుర్తుపెట్టుకుంటుంది.

దీనికితోడు ఈ ఆటలను తయారుచేసే తీరు ఒకటుంది. కొత్త మ్యాప్, కొత్త కథ తయారుచేయాలంటే నెలలు పడుతుంది. ఆటగాడు మాత్రం రోజూ రావాలి. అందుకని పాత మిషన్‌నే మళ్లీ ఆడించి, చివర్లో ఏ తుపాకీ దొరుకుతుందో ముందే తెలియకుండా చేస్తారు. మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాలు వైద్య విద్యార్థులందరూ చదువుకుంటారు. ఒక బిళ్లను ముక్కుతో ఇన్నిసార్లు పొడిస్తే గింజ వస్తుందని లెక్క కచ్చితంగా ఉన్నప్పటికన్నా, ఎన్నిసార్లకు వస్తుందో తెలియనప్పుడే పావురం ఆగకుండా పొడుస్తుంది. గింజలు పూర్తిగా ఆపేశాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. ‘ఇంకొక్క మ్యాచ్’ అని మీరు ఒంటిగంటన్నర దాకా కూర్చోవడం వెనక ఉన్నది ఇదే.

డబ్బు విషయంలో మీ కోపాన్ని నేను తప్పుపట్టను. ఆటకు ఒక ధర, అందులో మిగతా భాగాలకు మరో ధర అన్నది ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న గొడవ. 2015లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ వచ్చినప్పుడు ఆట 60 డాలర్లయితే, తర్వాత వచ్చే అదనపు భాగాల సీజన్ పాస్ మరో 50 డాలర్లు. 2017లో దాని రెండో భాగానికి సీజన్ పాస్ తీసేసి, డబ్బుతో కొనే లూట్ బాక్సులు (లోపల ఏముందో తెరిచేదాకా తెలియని పెట్టెలు) పెట్టారు. ఆటగాళ్లు పెద్ద ఎత్తున తిరగబడటంతో విడుదల వేళకు ఆ కొనుగోళ్లను ఆపేయాల్సి వచ్చింది. 2018లో బెల్జియం కొన్ని ఆటల్లోని లూట్ బాక్సులు జూదం కిందికే వస్తాయని తేల్చింది. కాబట్టి మోసపోయానన్న భావన మీ ఒక్కరిదే అనుకోకండి.

అయితే మీరు 4 వేలు పెట్టింది కేవలం ఆట కోసమేనా అని ఒకసారి ఆలోచించండి. స్నేహితులందరూ కొనేశాక మీరొక్కరే పాత భాగంలో మిగిలిపోతారన్న బెంగ ఉండి ఉంటుంది. నాలుగేళ్లలో పెట్టిందంతా వృథా అవుతుందన్న బాధ కూడా ఉంటుంది. పోయిన డబ్బును కాపాడుకోవడానికి మళ్లీ డబ్బు పెట్టడం పేకాటలోనూ చూస్తాం, నష్టాల్లో ఉన్న షేర్లలోనూ చూస్తాం. ఇప్పటిదాకా పెట్టింది ఎటూ తిరిగిరాదు. వచ్చే ఎక్స్‌పాన్షన్ కొనాలా వద్దా అనేది దానికదే విడిగా తేల్చుకోవాల్సిన విషయం.

ఇక వ్యసనమా అన్న ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’ను జబ్బుల జాబితా ఐసీడీ-11లో చేర్చింది. అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో గంటల లెక్క లేదు. ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో చేతిలో లేకపోవడం, తిండి, నిద్ర, ఉద్యోగం, ఇంట్లోవాళ్లకంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా ఆపలేకపోవడం చూస్తారు. దానివల్ల జీవితం గట్టిగా దెబ్బతినాలి. మామూలుగా ఇదంతా ఏడాదిపాటు సాగితేనే ఆ పేరు పెడతారు. పరిస్థితి తీవ్రంగా ఉంటే అంతకన్నా ముందే నిర్ధారించవచ్చు. మీరు ఉద్యోగం సరిగ్గానే చేసుకుంటున్నారా, ఖర్చు ఇంట్లో దాచిపెడుతున్నారా అన్నది ఉత్తరంలో లేదు. ఉన్నంతవరకు చూస్తే మిమ్మల్ని వ్యసనపరుడు అనను. కానీ కంట్రోలర్ గోడకు తగిలిన రాత్రిని మాత్రం చిన్న విషయంగా తీసుకోలేను.

ఆ కోపంలో నిద్రలేమి వాటా చాలా ఉంది. ఒంటిగంటన్నరకు ఆట ఆపితే, మ్యాచ్‌లో పెరిగిన గుండె వేగం తగ్గి నిద్ర పట్టేసరికి రెండవుతుంది. ఏడుకు లేస్తే ఐదు గంటలు. ఈ వయసులో కనీసం ఏడు గంటలు కావాలి. నిద్ర చాలనప్పుడు మెదడులో భయాన్నీ కోపాన్నీ చూసుకునే భాగం అతిగా స్పందిస్తుంది, దాన్ని అదుపు చేసే భాగం నెమ్మదిస్తుంది. మామూలుగా ‘ఛ’ అని వదిలేసే ఓటమికి వస్తువులు పగలడం అందుకే. తలనొప్పికి కూడా నేను ముందు నిద్రనే అనుమానిస్తాను. ఆడటానికి ముందు కాఫీ తాగే అలవాటుంటే సాయంత్రం నాలుగు తర్వాత మానేయండి. అయినా తలనొప్పి తగ్గకపోతే బీపీ, కళ్లు పరీక్ష చేయించుకోండి.

ఇంకొక ముఖ్యమైన విషయం మీరే చూసుకుని తేల్చుకోవాలి. విసుగు ఆ ఆటతోనే వస్తోందా, అన్నిటితోనూ వస్తోందా? సినిమా, క్రికెట్, ఇష్టమైన బిర్యానీ, స్నేహితులతో కబుర్లు ఇవన్నీ బాగానే ఉండి గేమ్ ఒక్కటే చప్పగా ఉంటే అది గేమ్‌తో వచ్చిన సమస్యే. అలా కాక రెండు వారాలకు పైగా ఏదీ రుచించకపోతే, పొద్దున లేవగానే మనసు బరువుగా ఉంటే, అది డిప్రెషన్ కావచ్చు. కొందరు డిప్రెషన్ మొదలయ్యాక ఏమీ తోచక ఆటలో పడతారు. ఇంట్లోవాళ్లు ఆటవల్లే ఇలా అయ్యాడనుకుంటారు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఈ పొరపాటు చాలాసార్లు చూశాను. అలా అనిపిస్తే ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవండి. డిప్రెషన్‌కు మంచి మందులున్నాయి. ఆట అలవాటుకు ప్రత్యేకమైన మందంటూ లేదు, దానికి కౌన్సెలింగ్ పనిచేస్తుంది.

ప్రస్తుతానికి రెండు వారాలు ఆట పూర్తిగా ఆపండి. డిలీట్ చేయనక్కర్లేదు, లాగౌట్ అయి కంట్రోలర్‌ను బీరువాలో పెట్టండి. స్టోర్‌లో సేవ్ చేసిన కార్డు వివరాలు, యూపీఐ ఆటోపే ఈ రోజే తీసేయండి. మొదటి నాలుగైదు రోజులు రాత్రి పదింటికి మనసు లాగుతుంది, చిరాకు కాస్త పెరుగుతుంది. ఆ వేళకు ముందే ఇంకో పని పెట్టుకోండి. భోంచేసి ఇద్దరూ కలిసి నడవడం చాలామందికి పనికొచ్చింది. ఆటలో మీకు నిజంగా నచ్చింది ఆ స్నేహితుల గొంతులే అయితే వాళ్లకు ఫోన్ చేయండి. వీలైతే ఆదివారం ఉదయం బ్యాడ్మింటన్‌కు రమ్మనండి.

రెండు వారాల తర్వాత ఆడాలనిపిస్తే శని, ఆదివారాల్లో రెండేసి గంటలు, రాత్రి తొమ్మిదింటికల్లా ముగిసేలా ఆడండి. ఆడే ముందు మనసు ఎలా ఉందో, ఆపాక ఎలా ఉందో పదికి ఇన్ని మార్కులని ఒక చిన్న పుస్తకంలో రాయండి. నెల రోజులు చూసి, ఆపాక వేసిన మార్కులే ఎప్పుడూ తక్కువగా ఉంటే ఆ ఆట వదిలేయండి. వేరే ఆట ఆడుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఈ గడువును మీరు నిలబెట్టుకోలేకపోతే, లేదా మళ్లీ వస్తువు విసిరితే, సొంతంగా ప్రయత్నించడం ఆపి సాయం తీసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటి సమస్యలకు ‘షట్’ క్లినిక్ 2014 నుంచి ఉంది. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా ఆ క్షణమే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

మీ భార్య ఆ రాత్రి ఎంత భయపడ్డారో మీరు నాకు రాశారు. ఆమెతో ఆ మాట అన్నారా? ఈ సాయంత్రం పక్కన కూర్చుని క్షమాపణ చెప్పండి, ఈ రెండు వారాల సంగతీ చెప్పండి. బీరువా తాళం ఆమె దగ్గరే ఉంచమని అడగండి.