ఫ్రాన్స్ బడిలో ఇంగ్లిష్ అసిస్టెంటుగా ఏడు నెలలు: బెంగళూరులో ఉండగానే తెమల్చుకోవాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: బెంగళూరులో డిగ్రీ అయింది, వసంతనగర్ అలయన్స్ ఫ్రాన్సేజ్‌లో బీ1 (సొంతంగా మాట్లాడి నెట్టుకురాగల మధ్యస్థాయి) వరకు ఫ్రెంచ్ నేర్చుకున్నారు, సొంతూరు అనంతపురం జిల్లా. ఫ్రాన్స్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ అసిస్టెంటుగా, అంటే టీచరుకు తోడుగా పిల్లల చేత ఇంగ్లిష్ మాట్లాడించడానికి, వెళ్తే ఇచ్చే డబ్బుతో బతకగలమా, వెళ్లే ముందు ఏం చూసుకోవాలి, క్లాసులో ఏం చేయించాలి? ఆ పని చేసి వచ్చాను, ఇప్పుడు ఇక్కణ్ణుంచి వెళ్లేవాళ్ల కాగితాలు చూసిపెడుతుంటాను. తెలిసినంతా చెబుతాను.

బతకొచ్చు. పారిస్ చుట్టుపక్కల కాకుండా చిన్న ఊళ్లో వేస్తే ఇబ్బంది లేకుండా బతకొచ్చు. అక్టోబర్ 1 నుంచి ఏప్రిల్ 30 వరకు వారానికి 12 గంటల పని, నెలకు చేతికి దాదాపు 800 యూరోలు. సెలవుల్లో కూడా జీతం ఆగదు. చిక్కంతా మొదటి రెండు నెలల్లోనే. అందులో చాలా భాగం కాగితాల చిక్కు, అవి ఇక్కడుండగా చేసుకుంటే సులువు, అక్కడికి వెళ్లాక చేసుకోవాలంటే నరకం.

అన్నిటికంటే ముందు బర్త్ సర్టిఫికెట్. "నాకు పాస్‌పోర్టు ఉంది కదా, పదో తరగతి మార్కుల లిస్టుతోనే వచ్చింది" అని మనవాళ్లు దీన్ని వదిలేస్తారు. ఫ్రాన్స్ ఆరోగ్య బీమా ఆఫీసు మార్కుల లిస్టు చూడదు. తల్లిదండ్రుల పేర్లున్న జనన ధ్రువపత్రమే అడుగుతుంది. మీ పల్లెలో తీసుకున్న పాత సర్టిఫికెట్ బయటికి తీసి చూడండి. చాలావాటిలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే పుట్టిన వారంలో నమోదు చేశారు, పేరు తర్వాత పెట్టారు. అలా ఉంటే నమోదు చేసిన పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో పేరు చేర్పించాలి. అసలు నమోదే కాకపోతే ఆర్డీవో ఉత్తర్వు కావాలి, దానికి నెలలు పట్టొచ్చు. అందుకే ఎంపిక ఫలితం వచ్చేదాకా ఆగకండి, దరఖాస్తు పెట్టిన వారమే దీని పని మొదలుపెట్టండి.

సర్టిఫికెట్ సరిగ్గా చేతికొచ్చాక అపోస్టిల్ ముద్ర, అంటే ఈ కాగితం అసలుదేనని విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర. ఇక్కడ బెంగళూరు, చెన్నైలలో ఉండే తెలుగువాళ్లు తిప్పలు పడేది ఒకటుంది. విదేశాంగ శాఖ అపోస్టిల్ వేసే ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ ఉండాలి, అది కాగితం ఇచ్చిన రాష్ట్రమే చేయాలి. మీరు పదేళ్లుగా కర్ణాటకలో ఉన్నా అనంతపురం సర్టిఫికెట్‌కు ఆంధ్రప్రదేశ్ నుంచే తెచ్చుకోవాలి. అపోస్టిల్ అయ్యాకే ఫ్రెంచ్ అనువాదం చేయించండి. ముందు అనువాదం చేయిస్తే ముద్ర వెనకున్న రాత అందులో ఉండదు, మళ్లీ డబ్బు కట్టాలి. అనువాదకులు ఫ్రాన్స్ కోర్టుల జాబితాలో ఉన్న ప్రమాణ అనువాదకులైతే అక్కడ ఎవరూ పేచీ పెట్టరు. స్కాన్ పంపితే చాలు, చేసి పంపేవాళ్లు ఉన్నారు.

దాంతో ముడిపడ్డదే పేరు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరు, పేరు, రెడ్డో కుమారో అన్నీ గివెన్ నేమ్‌లో ఒకే వరసగా ఉంటే, ఫ్రెంచ్ ఫారాల్లో ఇంటిపేరు గడి దగ్గర ఒక్కో గుమస్తా ఒక్కోలా నింపుతాడు. నియామక పత్రంలో ఒక వరస, బ్యాంకులో ఇంకో వరస, బీమా ఆఫీసులో మూడోది. అప్పుడు జీతం ఖాతాలో పడదు, బీమా ఫైలు కదలదు. ఇంటిపేరు పొడి అక్షరంగా మాత్రమే ఉన్నా ఇదే తంటా. దరఖాస్తు పెట్టకముందే పాస్‌పోర్టు సేవా కేంద్రంలో రీఇష్యూకు పెట్టి, ఇంటిపేరు పూర్తిగా సర్‌నేమ్‌లో వచ్చేలా చేయించండి. దరఖాస్తు తర్వాత మార్చితే మాత్రం మేలు కంటే కీడే ఎక్కువ, ఎందుకంటే నియామక పత్రం పాత పేరుతోనే వస్తుంది.

దరఖాస్తు గురించి ఎక్కువ చెప్పను. అక్కడ దీన్ని నడిపేది ఫ్రాన్స్ ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్, మన వైపు ఫ్రెంచ్ ఎంబసీ. వయసు, అర్హతలు ఆ ఏడాది ప్రకటనలో చూసుకోండి. డెల్ఫ్ (ఫ్రెంచ్ భాషా పరీక్ష) బీ1 సర్టిఫికెట్‌కు గడువు తీరడం అంటూ ఉండదు కాబట్టి పరీక్ష ముందే రాసేయండి. ప్రాంతాలు ఎంచుకునేటప్పుడు పారిస్, క్రెతేయ్, వెర్సాయ్ అకాడెమీలు (అక్కడి విద్యాశాఖ ప్రాంతాలు) పెట్టేముందు గది అద్దె చూడండి. చిన్న పట్టణంలో 300 నుంచి 400 యూరోలకు దొరికే గది పారిస్ చుట్టూ 600 దాటుతుంది, జీతం మాత్రం రెండుచోట్లా ఒకటే. లిమోజ్, పువాతియే, క్లెర్మోఁ ఫెరాఁ లాంటివి చాలామంది రాయరు. నా మాటైతే అవే రాయండి. పెద్ద ఊరు చూడాలంటే రైలుంది. 27 ఏళ్లలోపు వాళ్లకు ఏడాదికి 49 యూరోల అవాంటాజ్ కార్డు తీసుకుంటే టికెట్ మీద 30 శాతం తగ్గుతుంది.

నియామక పత్రాన్ని అక్కడ అరెతే అంటారు. అదే మీ ఒప్పందం, అదే వీసాకు ఆధారం. అది రాగానే అదే రోజు బడికి మెయిల్ రాయండి: గది ఏమైనా ఇవ్వగలరా, ఇంతకుముందు అసిస్టెంటు ఎక్కడ ఉన్నారు, ఇంగ్లిష్ టీచర్లలో ఎవరితో మాట్లాడాలి అని. జులై 14 దాటితే బడి ఆఫీసుల్లో ఎవరూ ఉండరు, మళ్లీ తెరుచుకునేది ఆగస్టు ఆఖర్లోనే. హాస్టల్ ఉన్న లిసేల్లో (మన ఇంటర్ కాలేజీల్లాంటివి) ఖాళీ గదులు ఉంటాయి, తక్కువకే ఇస్తారు, కానీ అడగనిదే ఎవరూ చెప్పరు.

వీసా విద్యార్థి వీసా కాదు, తాత్కాలిక ఉద్యోగి పేరుతో ఇచ్చే దీర్ఘకాల వీసా. రుసుము 99 యూరోలు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే తీసుకుంటారు. బెంగళూరులో, చెన్నైలో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రాలున్నాయి. సెప్టెంబర్‌లో విద్యార్థుల రద్దీ ఉంటుంది కాబట్టి అరెతే చేతికి రాగానే స్లాట్ పట్టండి. అక్కడ దిగాక మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో ఆ వీసాను వ్యాలిడేట్ చేయాలి. మరచిపోతే అక్కడ ఉండే హక్కే పోతుంది. దిగిన వారంలోనే చేసేయండి, ఇంటి అద్దెకు ప్రభుత్వ సాయం కోసం పెట్టినప్పుడు ఆ రుజువు మళ్లీ అడుగుతారు.

ఇక డబ్బు. మొదటి రోజు బడిలో మీరు పనిలో చేరినట్టు ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. అది, మీ బ్యాంకు వివరాల పత్రం (అక్కడ రిబ్ అంటారు) రెండూ కలిసి జిల్లా విద్యాశాఖ లాంటి రెక్తోరాకు వెళ్లాలి. జీతాల లెక్క నెల మొదట్లోనే ముగిస్తారు. ఆ తేదీ దాటాక మీ కాగితం చేరితే అక్టోబర్ జీతం నవంబర్ ఆఖర్లో వస్తుంది, లేదా కొంత అడ్వాన్సుగా వస్తుంది. దీనికి తోడు అక్టోబర్ మూడోవారం తర్వాత తూస్సేఁ సెలవులు రెండు వారాలు, అప్పుడు ఆఫీసులో ఫోనెత్తే మనిషి ఉండడు. అందుకే 1,500 నుంచి 2,000 యూరోలు, అంటే ఒకటిన్నర నుంచి రెండు లక్షల రూపాయలు చేతిలో ఉంచుకుని వెళ్లండి. ఇంటి డిపాజిట్, మొదటి అద్దె, తిండి, బస్సు పాసు వీటికే అది సరిపోతుంది. ట్యూషన్లు చెప్పి పూడ్చుకుందాం అని మాత్రం లెక్క వేసుకోకండి. మీ వీసా ఈ ఉద్యోగానికే, ఇంకో పనికి అనుమతి కావాలి.

బ్యాంకు ఖాతాకు ఇంటి చిరునామా రుజువు అడుగుతారు, ఇల్లు ఇచ్చేవాళ్లు బ్యాంకు ఖాతా అడుగుతారు. ఈ ముడి విప్పేది బడే. మొదటి రెండు వారాలు మీరు ఫలానా చోట ఉంటున్నారని ఆశ్రయమిచ్చిన బడివాళ్ల చేత ఒక ఉత్తరం, వాళ్ల గుర్తింపు కార్డు కాపీ, వాళ్ల కరెంటు బిల్లు తీసుకుంటే బ్యాంకు ఒప్పుకుంటుంది. ఒక బ్యాంకు కాదంటే ఆ తిరస్కరణ రాతపూర్వకంగా తీసుకోండి. అది చూపిస్తే బాంక్ ద ఫ్రాన్స్ ఇంకో బ్యాంకు చేత ఖాతా తెరిపిస్తుంది, అది చట్టం ఇచ్చిన హక్కు.

ఇల్లు ఇచ్చేవాళ్లు ఫ్రాన్స్‌లో జామీను ఎవరని అడుగుతారు. మీకెవరూ ఉండరు కాబట్టి విజాల్ అనే ఉచిత హామీ పథకం ఉంది, 30 ఏళ్ల వరకు ఇస్తారు. అద్దె ఒప్పందం మీద సంతకానికి ముందే ఆ హామీ పత్రం రావాలి, తర్వాత పెడితే చెల్లదు. యువ ఉద్యోగుల వసతి గృహాలు (ఫొయే) ఇంకా సులువు, సామాన్లతో సహా ఇస్తారు. గది కుదరగానే సీఏఎఫ్‌లో (ఇలాంటి సాయాలిచ్చే ప్రభుత్వ ఆఫీసు) అద్దె సాయానికి పెట్టండి, ఎందుకంటే చేరిన మొదటి నెలకు సాయం రాదు, ఆలస్యం చేసిన కొద్దీ నెలలు పోతాయి. బస్సు, రైలు పాసులో 75 శాతం రెక్తోరా తిరిగిస్తుంది, ఫారం బడి ఆఫీసులోనే ఉంటుంది. మీరు అడగాలి.

క్లాసు సంగతి. పీరియడు 55 నిమిషాలు. సాధారణంగా సగం మందిని, 12 నుంచి 15 మందిని, పక్క గదికి పంపి 25 నిమిషాల తర్వాత మార్చుతారు. అంటే ఒకే పాఠం రెండుసార్లు. మార్కులు వేయడం, శిక్షించడం మీ పని కాదు, ఆ బాధ్యత టీచరుదే. మొదటి వారం మీరు వెనక కూర్చుని చూడాలని అడగండి, ఆ వారంలో పిల్లల పేర్లు నేర్చుకోండి. ఫ్రెంచ్ పిల్లలకు ఇంగ్లిష్ వస్తుంది, తప్పు పలుకుతామన్న భయమే నోరు కట్టేస్తుంది. 20కి మార్కులు వేసే బడిలో పెరిగినవాళ్లు. "ఎనీ క్వశ్చన్స్?" అని అడిగితే గదంతా బల్లలు చూస్తుంది. మన దేశం గురించి స్లైడ్లు చూపిస్తూ అరగంట మీరే మాట్లాడితే వాళ్లకు పండగే, ఒక్కరూ నోరు విప్పక్కర్లేదు.

పనికొచ్చే పద్ధతి ఇది. బెంగళూరు నమ్మ మెట్రో మ్యాపు కలర్‌లో ప్రింటు తీసుకెళ్లండి. ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకరికి పర్పుల్ లైన్ స్టేషన్లు మాత్రమే ఉన్న కాగితం, ఇంకొకరికి గ్రీన్ లైన్ మాత్రమే ఉన్న కాగితం ఇవ్వండి. మొదటివాడు వైట్‌ఫీల్డ్ నుంచి సిల్క్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాలి. రెండు కాగితాల్లోనూ ఉన్న పేరు మెజెస్టిక్ ఒక్కటే, అది అడక్కుండా ఎవరికీ తెలియదు. బోర్డు మీద నాలుగు వాక్యాలే రాయండి: "ఈజ్ ఇట్ ఆన్ యువర్ లైన్?", "వేర్ డూ ఐ చేంజ్?", "హౌ మెనీ స్టాప్స్?", "కెన్ యూ స్పెల్ ఇట్?" ఈ చివరిదే అసలు మందు. చిక్‌పేట్, యశ్వంత్‌పుర పేర్లు ఏ ఫ్రెంచ్ పిల్లకీ నోరు తిరగవు కాబట్టి అక్షరం అక్షరం ఇంగ్లిష్‌లో చెప్పక తప్పదు. ఫ్రెంచ్ వాళ్లకు జీ, జే అక్షరాల పలుకుబడి ఇంగ్లిష్‌తో తారుమారు, ఆ సాధన దీంతో అయిపోతుంది. పిల్లలు ఫ్రెంచ్‌లోకి జారిపోతే తిట్టకండి. కాగితాలు కనపడేలా పెట్టుకున్నారేమో చూడండి, మధ్యలో నోట్‌బుక్ నిలబెట్టండి. అవతలివాడి కాగితం కనిపించినంతసేపూ మాట్లాడాల్సిన అవసరమే ఉండదు. దర్శిని హోటల్ ధరల పట్టిక, పది రూపాయల నోట్లు కొన్ని, పాత సినిమా టికెట్లు కూడా సంచిలో వేసుకోండి. తూకానికి ఏమీ కాదు, వారాలు గడుస్తాయి.

మన పిల్లలు ఎదురుచూడనిది ఒకటి చెప్పాలి. ప్రభుత్వ బడిలో పనిచేసేవాళ్లు మత చిహ్నం ఏదీ కనబడేలా ధరించకూడదు. ఇది మీకూ వర్తిస్తుంది. విభూతి, నామం పెట్టుకుని వెళ్లొద్దు. నవంబరులో అయ్యప్ప మాల వేసే అలవాటున్నవాళ్లు ఆ ఏడు మాల సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకోండి, ప్రిన్సిపల్ గదిలో వాదించి ప్రయోజనం లేదు. దీపావళి గురించి పాఠం చెప్పొచ్చు: ఏం వండుతారు, ఎవరి ఇంటికి వెళ్తారు, టపాసుల పొగ ఎంత అని. దేవుడి మహిమ వైపు వెళ్లకండి.

తిండి పెద్ద సమస్య కాదు. బడి క్యాంటీన్లో వారానికి కనీసం ఒక రోజు శాకాహార భోజనం పెట్టాలని చట్టం ఉంది, మిగతా రోజులు శాకాహారులు అన్నం, కూరగాయలు, బ్రెడ్‌తో సరిపెట్టుకోవాలి. గట్టి శాకాహారులైతే చీజ్‌లో చాలావాటికి దూడ పొట్టలోని పదార్థం వాడతారని తెలుసుకోండి. కందిపప్పు చిన్న ఊళ్లో దొరకదు, పచ్చ బఠాణీ పప్పు ప్రతి సూపర్‌మార్కెట్లో ఉంటుంది, చింతపండు ఆసియా దుకాణాల్లో. పారిస్ వెళ్లినప్పుడు లా షాపెల్ దగ్గర శ్రీలంక తమిళుల దుకాణాల్లో కరివేపాకుతో సహా తెచ్చుకోవచ్చు. కుక్కర్ తీసుకెళ్తే అడుగు ఇండక్షన్‌కు పనికొచ్చేదే తీసుకోండి. అక్కడి గదుల్లో చాలాచోట్ల గ్యాసు ఉండదు, మామూలు అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ పొయ్యి మీద పెడితే వేడే ఎక్కదు. కరెంటు మనలాగే 230 వోల్టులు, సన్న రెండు పిన్నుల ప్లగ్గు నేరుగా సరిపోతుంది, మూడు పిన్నులదానికి అడాప్టర్ కావాలి.

ఆరోగ్య బీమా నంబరు వచ్చేసరికి వారాలు పడుతుంది, కాబట్టి మొదటి మూడు నెలలకు ప్రయాణ బీమా ఇక్కడే తీసుకోండి. నంబరు రాకముందు డాక్టరు దగ్గరికెళ్లినా ఇచ్చే గోధుమరంగు కాగితం దాచండి, తర్వాత పంపితే 30 యూరోల ఫీజులో సుమారు మూడింట రెండొంతులు తిరిగొస్తాయి.

తిరిగొచ్చేటప్పుడు: ఫర్నిచర్‌తో ఇచ్చిన గదికి ఒక నెల ముందు నోటీసు, అంటే మార్చి ఆఖరులోపు రిజిస్టర్డ్ పోస్టులో. గది అప్పగించేటప్పుడు చేరినరోజు తీసిన ఫోటోలు పక్కన పెట్టి ఇద్దరూ కలిసి తనిఖీ చేయండి. డిపాజిట్ నెల లోపు వెనక్కి పడాలి. ఏప్రిల్ జీతం, ఆ డిపాజిట్ రెండూ పడేదాకా ఫ్రెంచ్ బ్యాంకు ఖాతా మూయకండి.