బ్లాగు పెట్టాలా అని అడిగిన అమ్మాయికి

మైలాపూరు, చెన్నై

చి. అమ్మాయికి ఆశీస్సులు.

"ఈ రోజుల్లో బ్లాగులు ఎవరు చదువుతారండీ, పెట్టినా దండగేనా?" అని అడిగావు. చదివేవాళ్ల కోసమే అయితే, మొదటి ఏడాది దండగే. కూడలి, జల్లెడ, హారం లాంటి సంకలినులు (తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే సైట్లు) నడిచిన కాలంలో కొత్త టపా, అంటే బ్లాగులో పెట్టే రచన, పడగానే తెలుగు చదివే నలుగురి కంటా పడేది. ఇప్పుడా దారి లేదు. నువ్వు వాట్సాప్‌లో లింకు పంపిన అత్తయ్యలు, పెరుంగుడి ఆఫీసులో నీ పక్క సీట్ల వాళ్లు తప్ప తొలి ఆరు నెలలూ పెద్దగా ఎవరూ రారు. గణాంకాల పేజీలో ఉన్నట్టుండి ఏదో దేశం నుంచి వందమంది వచ్చినట్టు కనిపిస్తే సంబరపడకు, అవి మనుషులు కాదు, బాట్లు, అంటే వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు. ప్రకటనల డబ్బు మీదా ఆశ పెట్టుకోకు.

అయినా పెట్టమనే అంటాను. రాయడానికి నీకొక గడువు కావాలి. రాసింది తేదీల వారీగా ఒకచోట, నీ పేరు మీద ఉండాలి. ఫేస్‌బుక్‌లో పెట్టిన మంచి పేరా నాలుగు రోజుల్లో అడుక్కి పోతుంది, రెండేళ్ల తర్వాత వెతికితే రాసిన నీకే దొరకదు. బ్లాగులో అయితే ముప్పయ్యో టపా రాసేటప్పుడు మూడో టపా తీసి చూసుకోవచ్చు. అందులో "అద్భుతం" ఎన్నిసార్లు వాడావో లెక్కపెట్టుకుంటే చాలు, సగం చదువు అక్కడే అయిపోతుంది.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఏది బ్లాగులో పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్నది. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తెలుగు పత్రికలకు, కథల పోటీలకు పంపేటప్పుడు హామీపత్రం అడుగుతారు: ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుసరణ కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు, ఇంతవరకు ఏ పత్రికలోనూ, బ్లాగులోనూ, సామాజిక మాధ్యమంలోనూ రాలేదు అని. బ్లాగులో పెట్టిన కథ చాలామంది సంపాదకుల దృష్టిలో అచ్చయిన కథే. ముందు పెట్టేసి, పోటీ ప్రకటన చూశాక తీసేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. మెయిలులో అందుకున్నవాళ్ల దగ్గర ఉంటుంది, వెబ్ ఆర్కైవుల్లో ఉంటుంది, స్క్రీన్‌షాట్లు ఉంటాయి. బహుమతి ప్రకటించాక బయటపడితే బహుమతి పోతుంది, ఆ సంపాదకుడి దగ్గర నీ పేరూ పోతుంది.

కాబట్టి రాసేవాటిని రెండు ఫోల్డర్లుగా విడగొట్టు. పత్రికకు పంపదగిన కథలు, కవితలు ఒకదాంట్లో. వాటి నుంచి నాలుగు లైన్లు కూడా బయట పెట్టకు. అక్కడ అచ్చయ్యాక, వాళ్ల షరతులు చూసుకుని, కొన్ని నెలలు ఆగి, కింద పత్రిక పేరు, సంచిక తేదీ వేసి బ్లాగులోకి తెచ్చుకో. బ్లాగు కోసమే రాసేవి వేరు: చదివిన పుస్తకం మీద నీ మాట, ఊరి గురించి, మనుషుల గురించి, భాష గురించి చిన్న వ్యాసాలు. వీటికి ఈ పేచీ తక్కువ.

ఊరంటే గుర్తొచ్చింది. నువ్వు పంపిన ఆరు శీర్షికల్లో నాలుగు "జీవితం", "వాన", "జ్ఞాపకాలు", "ఒంటరితనం". ఇవి విజయవాడలో కూర్చుని రాసినా ఒకటే. నువ్వుండేది చెన్నపట్నంలో. మన లజ్‌లో ఉన్న నాగేశ్వరరావు పార్కు ఎవరి పేరు మీద ఉందో ఎరిగినదానివే. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1908లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆంధ్రపత్రికను 1914లో ఇక్కడికి తెచ్చి దినపత్రిక చేశారు, 1924లో భారతి అనే సాహిత్య మాసపత్రిక పెట్టారు. చందమామ 1947 జూలైలో పుట్టింది ఈ ఊళ్లోనే. ఇవన్నీ ఎక్కడ వెతికినా దొరికే సంగతులు. వీటినే మళ్లీ ఎత్తి రాస్తే టపా కాదు, నకలు. పొద్దున్నే ఆ పార్కులో నడిచే పెద్దవాళ్లలో తెలుగు మాట్లాడుకునేవాళ్లను పట్టుకో. వాళ్ల తెలుగులో అరవం ఎక్కడ కలుస్తుంది, ఏ మాట దగ్గర గొంతు మారుతుంది, మనవడితో ఏ భాషలో మాట్లాడతారు? అడిగి, ఒప్పుకుంటే పది నిమిషాలు ఫోనులో రికార్డు చేసుకుని పదిహేను మాటలు రాసిపెట్టు. ఆ పదిహేను మాటలు ఇంకెక్కడా దొరకవు.

నీ నమూనా టపాలోంచి ఒక ముక్క తీస్తాను, కోపం తెచ్చుకోకు. "మైలాపూర్ సాయంత్రం ఎంతో అందంగా ఉంటుంది. మల్లెపూల పరిమళం మనసును తాకి ఏవో లోకాలకు తీసుకెళ్తుంది." ఇందులో మైలాపూరు తీసి తిరుపతి పెట్టినా ఏమీ మారదు. అదే కపాలీశ్వరుడి గుడి దగ్గర ఉత్తర మాడ వీధిలో పూల బుట్ట ముందు ఐదు నిమిషాలు నిలబడు. పూలమ్మి మూర ఎలా కొలుస్తుంది? మోచేతి మొన నుంచి నడిమివేలి కొస దాకా దండ సాగదీసి, అక్కడ చిటికెతో తుంపుతుంది. కొనేవాళ్ల చెయ్యి పొడుగు, ఆమెది పొట్టి. "నీ మూర నా మూరలో ముప్పాతికే" అని బేరం ఆడితే ఆమె నాలుగు పూలు కొసరు వేస్తుంది. ఇదే రాయి: "ఆమె మూర వేరు, నా మూర వేరు. తేడాకి నాలుగు మల్లెలు." పరిమళం మాట ఎత్తనక్కరే లేదు, చదివేవాడి ముక్కుకు అదే తగులుతుంది.

ఎంత పొడుగు, ఎన్నాళ్లకొకటి అన్నావు. పదిహేను రోజులకొకటి, ఆరు వందల నుంచి తొమ్మిది వందల మాటలు. వారానికొకటి అని మొదలెట్టినవాళ్లు చాలామంది రెండు నెలల్లో ఆగిపోతారు. ఒక వారం తప్పగానే సిగ్గు, ఆ సిగ్గుతో రెండో వారం, తర్వాత బ్లాగు తెరవడమే భయం. అందుకే నాలుగు టపాలు పూర్తిగా సిద్ధమయ్యే దాకా బ్లాగు తెరవకు. జ్వరమొచ్చినా, రిలీజ్ అని ఆఫీసులో రాత్రుళ్లు ఉంచేసినా రెండు నెలలు నెట్టుకొస్తాయి. రాయడం అయ్యాక ఒక రాత్రి నిద్ర చేయనియ్యి. మర్నాడు పైకి చదువు. ఊపిరి తిరగని చోట వాక్యాన్ని రెండుగా విరువు. మాట చెప్తే టైపు చేసే సౌకర్యం వాడితే ఇంకోసారి చదువు. "కల"ని "కళ" చేస్తుంది, అక్షరదోషాలు వెతికే సాధనం దాన్ని పట్టుకోదు, రెండూ మాటలే కదా.

ఇక చిరునామా. గూగుల్ ఉచితంగా ఇచ్చే బ్లాగర్‌తో మొదలుపెట్టు, చాలు. కానీ వెబ్ చిరునామా పేరు (డొమైన్) మాత్రం నీది కొనుక్కో. డాట్ ఇన్ పేరుకు ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు అనుకో. మొదటి ఏడాది చవగ్గా చూపించి రెండో ఏడాది నుంచి అసలు ధర వేస్తారు, పునరుద్ధరణ ధర చూసే కొను. ఆఫీసు మెయిలుతో నమోదు చేయకు. ఉద్యోగం మారిన రోజు నుంచి గడువు నోటీసులు నీకు అందవు, గడువు బాగా దాటితే ఆ పేరు ఇంకెవరైనా కొనుక్కుంటారు. సొంత పేరు ఉంటే రేపు బ్లాగర్ నుంచి వర్డ్‌ప్రెస్ లాంటి ఇంకో బ్లాగు వేదికకి మారినా పాఠకుడికి అదే చిరునామా. ఉచితంగా వెబ్ పేజీలు ఇచ్చిన జియోసిటీస్ 2009లో మూతపడింది, బ్లాగులన్నీ ఒకచోట చదువుకునే గూగుల్ రీడర్ 2013లో. పెద్ద కంపెనీ కాబట్టి ఎప్పటికీ ఉంటుందనే లెక్క పనికిరాదు.

తెలుగులో బ్లాగు రాసేవాళ్లకు ప్రత్యేకంగా తగిలే చిక్కు ఒకటుంది, దీన్ని కొంచెం ఓపిగ్గా చదువు. "చెన్నై" కంటికి రెండక్షరాలు. కంప్యూటరు లోపల ఆరు సంకేతాలు: చ, ఎత్వం, న, పొల్లు, మళ్లీ న, ఐత్వం. ఒక్కో సంకేతం మూడు బైట్లు. వెబ్ చిరునామాలోకి ఎక్కేసరికి ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. అంటే ఆరును తొమ్మిదితో గుణించు, యాభై నాలుగు. ఒక్క "చెన్నై"కి! వర్డ్‌ప్రెస్ టపా చిరునామాకు రెండు వందల అక్షరాలే ఇస్తుంది కాబట్టి తెలుగు శీర్షికలో ఇరవై రెండు సంకేతాలు దాటగానే మిగతాది తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే ఆ శాతం గుర్తుల చాంతాడు చూసి ఇదేదో మోసం లింకని జనం నొక్కరు. బ్లాగర్‌ది ఇంకో తంతు. తెలుగు శీర్షికను వదిలేసి అన్ని టపాలకూ "బ్లాగ్ పోస్ట్" అనే పేరు పెట్టి చివర అంకెలు మారుస్తుంది. రెండింటికీ మందు ఒకటే: ప్రచురించే ముందు పర్మాలింక్ (టపా చిరునామా) గడిలో ఇంగ్లీషు అక్షరాలతో రెండు మూడు మాటలు నువ్వే రాయి. ప్రచురించాక మార్చకు, అప్పటికే పంపిన లింకులు చచ్చిపోవచ్చు.

ఇంకో చిన్న సంగతి. "సాఫ్ట్‌వేర్" అని ట, వ విడిగా రావాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం పడాలి, లేకపోతే వ కిందికి పోయి వత్తవుతుంది. ఆ అక్షరం ఒకచోట వేసి ఒకచోట వేయకపోతే వెతికేటప్పుడు అవి రెండు వేరు మాటలు కావచ్చు. బెంగళూరు, బెంగుళూరు కూడా అంతే. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే రాయి.

అక్షరం పరిమాణం పద్దెనిమిది పిక్సెళ్లకు తగ్గనీకు. పంక్తుల మధ్య ఎడం (లైన్ హైట్) 1.7 పెట్టు. ఇంగ్లీషుకు సరిపోయే 1.4 తెలుగుకు చాలదు. పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడి "స్త్రీ" లాంటి మాట నలిగిపోతుంది. ఏటవాలు అక్షరాలు తెలుగులో వద్దు. చాలా ఫాంట్లలో అసలు ఏటవాలు ఉండదు, బ్రౌజరు నిలువు అక్షరాన్నే తోసి వంచుతుంది, చూడబుద్ధి కాదు.

ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి పోతుంటావు కదా. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో ప్రచురించే పుస్తకాల ప్రతులు ప్రచురణకర్తలు పంపాల్సిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి. పుస్తకానికి ఆ ఏర్పాటుంది. నీ బ్లాగును ఏ లైబ్రరీ బీరువాలోనూ పెట్టరు. ఆ పని నీదే. ప్రతి టపా మొదట నీ కంప్యూటరులో యూనికోడ్‌లో (ఏ కంప్యూటరైనా చదవగలిగే అక్షర సంకేతాల పద్ధతిలో) రాసి దాచు, బ్లాగు పెట్టెలో నేరుగా రాయకు. మూడు నెలలకోసారి మొత్తం ఎగుమతి చేసుకో. వర్డ్‌ప్రెస్ ఇచ్చే ఎక్స్‌ఎంఎల్ ఫైలులో బొమ్మల చిరునామాలే ఉంటాయి, బొమ్మలుండవు; వాటిని విడిగా దాచుకోవాలి. ఏడాదికోసారి ఏ4 కాగితాల మీద ప్రింటు తీసి స్పైరల్ బైండు చేయించు. అచ్చు పత్రికలవాళ్లు యూనికోడ్ కాని "అను" అనే ఫాంటులోకి మార్చుకున్న ప్రతిని తిరిగి పంపితే దాన్ని మూలంగా పెట్టుకోకు. మళ్లీ యూనికోడ్‌లోకి తెచ్చేటప్పుడు కొన్ని వత్తులు చెదురుతాయి.

హక్కుల సంగతి క్లుప్తంగా. 1957 కాపీరైటు చట్టం కింద నువ్వు రాసిన క్షణం నుంచే అది నీది, రిజిస్టరు చేయించక్కర్లేదు. అదే న్యాయం ఎదుటివాళ్లకూ. రచయిత పోయిన తర్వాతా అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. నచ్చిన సినిమా పాట మొత్తం దించి పెట్టకు. మాట్లాడదలచుకున్న ఒకటి రెండు పంక్తులు చాలు.

ఇంట్లోవాళ్ల గురించి, ఆఫీసు గురించి రాసేటప్పుడు పేరు మార్చినంత మాత్రాన మనిషి మారడు. మీ అపార్టుమెంటులో మూడో అంతస్తులో కుంటుకుంటూ కుక్కను తిప్పే రిటైర్డు బ్యాంకు మేనేజరు అని రాస్తే వాచ్‌మన్‌తో సహా అందరికీ తెలుస్తుంది. ఆయనే చదివితే నువ్వు లిఫ్టులో ఆయన మొహం చూడగలవా? చూడగలిగితే పెట్టు.

నాలుగు టపాలు పూర్తయ్యాక పంపు. లింకు వద్దు, ప్రింటు తీసి, పక్కన రెండంగుళాల మార్జిను వదిలి పంపు. ఎర్ర పెన్ను పట్టడానికి చోటుండాలి.

ఆశీస్సులతో.