టీచరమ్మను అడగండి: బియ్యం బస్తా కాదు, ఒక పూట ఇవ్వండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి మీద ఉన్నాయి. బర్మా (ఇప్పటి మయన్మార్) నుంచి పారిపోయి వచ్చి హైదరాబాద్ శివార్లలో తలదాచుకుంటున్న రోహింగ్యా కుటుంబాల గురించి. బాలాపూర్ వైపు ప్రభుత్వ బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యాను, ఇప్పటికీ ఆ బస్తీలకు వెళ్తుంటాను. అందుకని పరీక్షల టెన్షన్లు, అత్తాకోడళ్ల పంచాయితీలు వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: టీచరమ్మగారికి నమస్కారం. మాది మీర్‌పేట. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. మా ఇంటికి దగ్గర్లోని గుడిసెల్లోకి కొత్తగా కొన్ని బర్మా కుటుంబాలు వచ్చాయని మా పనమ్మాయి చెప్పింది. జమ్ము నుంచి వచ్చారట. బియ్యం, పప్పు, పాతబట్టలు పోగుచేసి ఇద్దామని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే సగం మంది ‘పోలీసు కేసవుతుంది’ అన్నారు. మావారికీ అదే భయం. సాయం చేయడం నేరమా? చేస్తే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, మీర్‌పేట

జవాబు: నేరం కాదమ్మా. ముందు ఆ మాట మీవారికి చెప్పండి, తర్వాత మిగతాది చదవండి. ఆకలిగా ఉన్నవాళ్లకు అన్నం పెట్టకూడదని, జ్వరమొచ్చిన బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లకూడదని ఏ చట్టంలోనూ లేదు. రాజ్యాంగం 21వ అధికరణం ప్రాణానికి ఇచ్చే రక్షణ మన పౌరులకే పరిమితం కాదు, ఈ నేల మీద ఉన్న ఏ మనిషికైనా వర్తిస్తుంది. అరుణాచల్ ప్రదేశ్ చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది.

అలాగని కళ్లు మూసుకుని దిగొద్దు. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. శరణార్థుల కోసం విడిగా చట్టమూ లేదు. బర్మా 1982లో చేసిన పౌరసత్వ చట్టంతో వీళ్లు సొంత దేశంలోనే ఎవరికీ చెందనివాళ్లయ్యారు. అక్కడ 2012లో జరిగిన గొడవల తర్వాత కొందరు, 2017 మారణకాండ తర్వాత మరికొందరు ఇటు వచ్చారు. చాలామంది దగ్గర ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు ఉంటుంది. బస్తీలో దాన్ని ‘యూఎన్ కార్డు’ అంటారు. అది వీసా కాదు. కేంద్ర ప్రభుత్వం మాత్రం వీళ్లను అక్రమ వలసదారులనే అంటోంది. వీళ్లు ఉండాలా, వెళ్లాలా అనేది ప్రభుత్వం, కోర్టులు తేల్చే విషయం. మీరూ నేనూ గేటు దగ్గర నిలబడి తేల్చేది కాదు.

మీరు దూరంగా ఉండాల్సింది రెండింటికి. ఒకటి, ఆధార్. ‘మేడమ్, మీ అడ్రస్ మీద ఒక ఆధార్ ఇప్పించండి’ అని ఎవరో ఒకరు అడుగుతారు. సరైన పాస్‌పోర్టు, వీసా లేని విదేశీయులకు ఆధార్ రాదు. బ్రోకర్లు డబ్బు తీసుకుని తప్పుడు కాగితాలతో చేయిస్తారు, చివరికి జైలుకు వెళ్లేది ఆ కుటుంబం. ఇలాంటి కేసులు మన నగరంలోనే అయ్యాయి. ఖచ్చితంగా ‘లేదు’ అనండి, ఎందుకో కూడా చెప్పండి. రెండోది, మీ పోర్షన్ అద్దెకివ్వడం. విదేశీయులకు బస ఇచ్చినవాళ్లు ఆ సంగతి అధికారులకు తెలపాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఇమిగ్రేషన్ చట్టంలోనూ ఆ బాధ్యత ఉంది. జాలిపడి గది ఇచ్చేసి, కబురు చేయకుండా ఊరుకోవద్దు.

ఇక బియ్యం సంగతి. రంజాన్ నెలలో వెళ్లి చూడండి, బియ్యం బస్తాలు, నూనె ప్యాకెట్లు ఆటోల్లో దిగుతుంటాయి. పాతబట్టలైతే చెప్పక్కర్లేదు. ఒక గుడిసె వెనక నైలాన్ చీరలు, పిల్లల సూట్లు, ఎవరిదో పెళ్లి షేర్వానీ వర్షానికి నాని కుప్పగా పడి ఉండటం చూశాను. చెత్త, ప్లాస్టిక్, ఇనుప తుక్కు ఏరి అమ్ముకుని బతికేవాళ్లకు మీ ఇంటి చెత్త కూడా మీరే మోసుకెళ్లి ఇవ్వాలా? కొత్తగా దిగిన కుటుంబానికి మొదటి వారం గిన్నెలు, దోమతెర, టార్పాలిన్ పట్టా కావాలి, నిజమే. వాటిని అక్కడి పెద్దమనిషిని అడిగి, లేనివే కొనివ్వండి.

వాళ్లకు అసలు లేనిది కౌంటర్ దగ్గర పక్కన నిలబడే మనిషి. ఈమధ్య ఒక అమ్మాయిని చూశాను, ఎనిమిదో నెల కడుపు. ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ కిటికీలోంచి ‘ఆధార్?’ అన్నారు. ఆ పిల్ల యూఎన్ కార్డు పెట్టింది. లోపలతను అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి నెట్టేశాడు. ఆమె పోట్లాడలేదు, ఎందుకని అడగలేదు. కార్డును చున్నీ అంచులో ముడేసుకుని, లైన్లోంచి తప్పుకుని గోడకు ఆనుకుంది. నేను వెళ్లి, ‘బాబూ, ఆధార్ లేనివాళ్లకు చీటీ రాయొద్దని జీవో ఏదైనా వచ్చిందా? చూపించు, చదువుకుంటా’ అన్నాను. జీవో ఎక్కడిది! కాసేపటికి చీటీ వచ్చింది. నేను గొంతు పెంచలేదు. తెల్లజుట్టు, కాటన్ చీర, తెలుగు, ఈ మూడూ పనిచేశాయి. బ్యాంకులో కౌంటర్ ఇవతల ఇన్నేళ్లు కూర్చున్న మీకు అవతల నిలబడ్డవాళ్లను ఎలా తిప్పుతారో నేను చెప్పాలా?

కాన్పు అయ్యాక 21 రోజుల్లోపు బిడ్డ పుట్టుక నమోదు కావాలి. ఎవరి బిడ్డ అయినా ఈ దేశంలో పుడితే నమోదు చేయాల్సిందే. ఇక్కడ పేర్లతో పెద్ద తలనొప్పి. కార్డు మీద నూర్ బేగం అని ఉంటుంది, ఓపీ చీటీలో నూరీ బేగం అవుతుంది, డిశ్చార్జి కాగితంలో నూర్జహాన్ అయి కూర్చుంటుంది. ఇంటిపేరు అడిగితే వాళ్లకు అలాంటిది ఉండదు. పుట్టినతేదీ చాలా కార్డుల మీద జనవరి 1 అనే ఉంటుంది. అందుకని ప్రతి ఇంటికీ ఒక ప్లాస్టిక్ ఫోల్డరు కొనివ్వండి. కార్డు జిరాక్సులు, టీకాల కార్డు, ఆసుపత్రి కాగితాలన్నీ అందులోనే. ఏ కిటికీ దగ్గరైనా పేరు నోటితో చెప్పొద్దు, కార్డు చూపించి అక్షరం అక్షరం అదే రాయించాలి. బర్త్ సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన పౌరసత్వం రాదు. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవాళ్ల తల్లిదండ్రుల్లో ఎవరైనా అక్రమ వలసదారు అయితే పుట్టుకతో పౌరసత్వం లేదని చట్టంలోనే ఉంది. ఈ ముక్క క్లర్కుకూ చెప్పండి, అతని భయం పోతుంది. కుటుంబానికీ చెప్పండి, లేనిపోని ఆశ పెట్టుకోకుండా.

అయిదేళ్లలోపు పిల్లలుంటే టీకాలు ఎక్కడ ఆగాయో చూడండి. ఊళ్లు మారే కుటుంబాల్లో తొమ్మిదో నెల వేసే తట్టు, రుబెల్లా టీకా తప్పిపోవడం మామూలు. ఆగినచోటి నుంచే కొనసాగిస్తారు, మళ్లీ మొదటి నుంచి వేయరు. మీ ఏరియా ఆశా కార్యకర్తను ఒకసారి గుడిసెల దాకా తీసుకెళ్తే ఆ తర్వాత ఆమే వెళ్తుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా. కొత్తగా వచ్చిన ఆడవాళ్లకు వాళ్ల భాష తప్ప రాదు. అది బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ వైపు మాటకు దగ్గర. పిల్లలు మాత్రం నాలుగు నెలల్లో పాతబస్తీ ఉర్దూ దంచేస్తారు. దాంతో డాక్టరు దగ్గరికి పదేళ్ల పిల్లను దుబాసీగా తీసుకొస్తారు. తల్లికి నెలసరి ఆగిందా, గర్భస్రావం అయిందా అని పదేళ్ల పిల్లతో అడిగిస్తారా? బస్తీలో ముందు నుంచి ఉన్న పెద్దావిడ ఎవరైనా ఉంటారు, ఆమెను బతిమాలి తీసుకెళ్లండి. ఆ పూట ఆమె కూలి పోతే అది మీరివ్వండి. మీ బియ్యం డబ్బు అక్కడ పనికొస్తుంది.

బడి గురించి నేను చెబితేనే బాగుంటుంది, ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కదా. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని ఏ బిడ్డనూ తిప్పి పంపకూడదు, వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. పదేళ్లవాణ్ని తీసుకెళ్లి ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో వారంలో మానేస్తాడు, తండ్రితో తుక్కు ఏరడానికి పోతాడు. ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల విషయంలో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ముందు ప్రభుత్వ బడికే వెళ్లి అడగండి, చేర్చుకోకపోతే హైకోర్టుకు వెళ్లండి అంది. హెడ్మాస్టర్లు చెడ్డవాళ్లు కారు. ఆన్‌లైన్‌లో ఆధార్ గడి ఖాళీగా ఉంటే పైనుంచి ఫోన్ వస్తుందని వాళ్ల భయం. అందుకే అర్జీ కాగితం మీద రాసి, ముద్ర వేయించుకుని ఒక కాపీ తెచ్చుకోండి. నోటితో అడిగితే ‘లేదు పోండి’ అనడం తేలిక. కాగితం మీద ‘చేర్చుకోను’ అని రాసిచ్చే హెడ్మాస్టరును నా సర్వీసులో చూడలేదు.

మొదటిసారి ఒంటరిగా వెళ్లకండి. కోవా లాంటి స్వచ్ఛంద సంస్థలు అక్కడ ఏళ్ల తరబడి పనిచేశాయి, అలాంటివాళ్లతో వెళ్లి ముఖం చూపించుకోండి. అప్పులివ్వొద్దు. వారానికి ఒక పూట అని చెప్పి అదే రోజు వెళ్లండి. రాలేకపోతే కబురు చేయండి.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ సెకండియర్. ఫ్రెండ్స్‌మి కలిసి ఆదివారాలు క్యాంపు పిల్లలకు తెలుగు నేర్పి, అవేర్‌నెస్ కోసం రీల్స్ చేద్దామనుకుంటున్నాం. మీ సలహా?
– ఒక విద్యార్థి, వనస్థలిపురం

జవాబు: నేర్పడానికి వెళ్లు నాయనా, రీల్స్ మాత్రం వద్దు. వాళ్ల తాతలు, మేనమామలు ఇంకా బర్మాలోని తమ సొంత ప్రాంతం అరకాన్‌లోనో, బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లోనో ఉన్నారు. అరకాన్‌లోని బుథీడాంగ్ పట్టణం 2024లో కూడా తగలబడింది. ఎవరి ముఖం ఎవరి ఫోన్‌లో కనిపిస్తే అక్కడ ఏమవుతుందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇక్కడ ఇంటి యజమాని ఆ వీడియో చూసి జాగా ఖాళీ చేయమన్నా చేయమంటాడు. గుడిసె కప్పు మీద ఎన్నికల ఫ్లెక్సీ, దాని మీద నాయకుడి నవ్వు ముఖం, కింద వాన నీళ్లకు పెట్టిన బకెట్టు. తీయాలని చేయి లాగుతుంది, తెలుసు. ఫోన్ జేబులోనే ఉంచు.

చిన్నపిల్లలకు బడిలో తెలుగు ఎలాగూ వస్తుంది. నువ్వు మగపిల్లాడివి, గుడిసెల్లో ఆడవాళ్లు నీతో మాట్లాడరు, మాట్లాడించాలని చూడకు. సాయంత్రం పనినుంచి వచ్చే కుర్రాళ్లతో కూర్చో. వాళ్లకు అ ఆలు అక్కర్లేదు. తుక్కు కొట్టు దగ్గర కాటా మీద అంకె చదవడం, కిలో రేటుతో గుణించడం, ఆ రోజు రావలసింది ఒక నోటుబుక్కులో రాసుకోవడం నేర్పు. మేస్త్రీతో కూలి ముందే మాట్లాడుకునే నాలుగు తెలుగు ముక్కలు నేర్పు. బస్సు బోర్డు చదవడం నేర్పు. పరీక్షలొస్తే మానేస్తామని ముందే చెప్పి మొదలుపెట్టండి.

ప్రశ్న: మన పేదలకే దిక్కులేదు. పింఛను కోసం మా పక్కింటి ముసలమ్మ ఆరు నెలలుగా తిరుగుతోంది. పరాయి దేశం వాళ్ల మీద మీకెందుకంత ప్రేమ?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: వాళ్లకు రేషన్ కార్డు లేదు, పింఛను లేదు, ఆరోగ్యశ్రీ లేదు. కాబట్టి ఆ ముసలమ్మ వాటా ఎవరూ తినడం లేదు. ఆమెను తిప్పుతున్నదీ అలాంటి కిటికీయే. ఆరు నెలలుగా చూస్తున్నారు కదా, ఒక పూట మీరే ఆమెతో మండల ఆఫీసుకు ఎందుకు వెళ్లకూడదు? కోపంగా అడగడం లేదు బాబూ, నిజంగానే అడుగుతున్నాను.

ఇక ప్రేమ సంగతి. మాది సిక్కోలు. మా వైపు ‘రంగం’ పోని ఇల్లు అరుదు. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లు, బియ్యం మిల్లుల్లో చేసినవాళ్లు, రిక్షాలు లాగినవాళ్లు తెలుగువాళ్లే. 1942లో జపాన్ వాళ్లు వచ్చిపడితే లక్షల మంది మనవాళ్లు కాలినడకన బయల్దేరారు. మా పెదతాత ప్రోమ్ దాటి, అరకాన్ కొండలెక్కి, చిట్టగాంగ్ చేరి అక్కడి నుంచి ఇంటికొచ్చాడు. ఆ అరకాన్ వీళ్ల సొంత నేలే. దారిలో ఎవరో గంజి పోశారని చెప్పేవాడు, వాళ్లెవరో ఆయనకూ తెలియదు. 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు లాగేసుకున్నాక ఓడల్లో వచ్చిన వాళ్లలో తెలుగువాళ్లు ఎంతమందో. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: మేడం, మేము డల్లాస్‌లో ఉంటాం. మా తెలుగు గ్రూపు తరఫున డాలర్లు పోగుచేసి మీ ఖాతాకు పంపితే ఆ పిల్లలకు ఖర్చు పెడతారా?
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: పెట్టను నాయనా, పంపకండి. విదేశీ పౌరుల డబ్బు ఇలాంటి పనులకు తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ అయి ఉండాలి. అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. మీలో ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన పంపితే అది వేరే లెక్క. అమెరికా పౌరులైనవాళ్ల డబ్బు విదేశీ విరాళమే. ఒకే గ్రూపులో రెండు రకాలవాళ్లూ ఉంటారు, కలిపి పంపితే చిక్కు.

మీ ఊళ్లోనే విక్కరీ మెడో అనే చోట బర్మా నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. 2025 జనవరి నుంచి మీ ప్రభుత్వం కొత్త శరణార్థుల రాకను దాదాపు ఆపేసింది కానీ, ముందే వచ్చినవాళ్లు ఎక్కడికీ పోలేదుగా. అయిదేళ్లు నిండినవాళ్లు పౌరసత్వ పరీక్షకు చదువుకోవాలి. ఆ ప్రశ్నలు బట్టీ పట్టిన అనుభవం మీ గ్రూపులో అమెరికా పౌరులైనవాళ్లకు ఉండే ఉంటుంది, కూర్చుని చెప్పండి. కారు లేని తల్లిని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు కార్ సీటు మర్చిపోకండి. అది లేకుండా పిల్లల్ని ఎక్కిస్తే అక్కడ ఫైన్ వేస్తారని మా అబ్బాయి చెప్పాడు.