మెనూకి రూట్ పేరు చాలు

చిరంజీవికి, పిన్ని ఆశీస్సులు.

నీ లారావెల్ (పీహెచ్‌పీలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్ట్‌లో పక్క మెనూ ఉన్న సైడ్‌బార్ ఫైల్ మొత్తం చదివాను. ఆర్డర్స్ రిపోర్ట్ పేజీ తెరిస్తే పైనున్న ఆర్డర్స్ లింక్ కూడా కలిసి వెలుగుతోందన్నావు. కారణం ఆ లింక్‌కి నువ్వు పెట్టిన కండిషన్‌లోనే ఉంది. రిక్వెస్ట్‌ని, అడ్రస్ ప్యాటర్న్‌కి సరిపోతుందా అని చూసే 'ఈజ్' మెథడ్‌తో అడుగుతూ 'ఆర్డర్స్*' అని ఇచ్చావు. 'ఆర్డర్స్' అయినా, 'ఆర్డర్స్/5' అయినా, 'ఆర్డర్స్-రిపోర్ట్' అయినా, ఆ అక్షరాలతో మొదలైతే చాలు, ఆ స్టార్ ఒప్పేసుకుంటుంది. పోనీ 'ఆర్డర్స్/*' అని మారుద్దామంటే అసలు లిస్ట్ పేజీయే జారిపోతుంది, ఆ అడ్రస్‌లో స్లాష్ లేదు కాబట్టి. 'రిపోర్ట్ కాకపోతేనే' అని ఇంకో కండిషన్ తగిలిస్తానన్నావు. ఆ దారిన వెళ్లకు నాన్నా. వచ్చే నెల ఇంకో పేజీ వస్తుంది, దానికి ఇంకో 'కాకపోతే' కావాలి. ఏడాది తిరిగేసరికి ఆ ఫైల్ ముట్టుకోవాలంటే టీమ్‌లో అందరికీ భయమే.

లారావెల్‌లో మెనూ చూడాల్సింది అడ్రస్‌ని కాదు, రూట్ (ఏ అడ్రస్‌కి ఏ కోడ్ నడవాలో చెప్పే నియమం) పేరుని. ఆర్డర్స్‌ని రిసోర్స్ రూట్‌గా రాశావు కదా, అక్కడే ఇండెక్స్, క్రియేట్, షో, ఎడిట్ వగైరా ఏడు రూట్లకీ 'ఆర్డర్స్.ఇండెక్స్', 'ఆర్డర్స్.షో' అంటూ పేర్లు వచ్చేశాయి. కండిషన్‌లో, రూట్ పేరు సరిపోతుందా అని చూసే 'రూట్‌ఈజ్' మెథడ్‌కి 'ఆర్డర్స్.*' అని ఇవ్వు. మధ్యలో ఆ చుక్క ఉంది కాబట్టి 'ఆర్డర్స్-రిపోర్ట్.ఇండెక్స్' దీనికి తగలదు. రేపు క్లయింట్ వచ్చి సైట్ తెలుగులోనూ కావాలంటే ప్రతి అడ్రస్ ముందూ భాష కోడ్ చేరుతుంది. అడ్రస్ చూసి వెలిగే మెనూ ఆ రోజే ఆగిపోతుంది. పేర్లు చూసే మెనూకి ఆ మార్పుతో పనే లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకో: ఆర్డర్స్ లోపల రిటర్న్స్‌ని నెస్టెడ్ రిసోర్స్‌గా పెడితే దాని పేర్లు 'ఆర్డర్స్.రిటర్న్స్' అని మొదలవుతాయి, అవి పై ప్యాటర్న్‌కి దొరికిపోతాయి. రిటర్న్స్‌కి మెనూలో వేరే లింక్ ఉంటే దాని రూట్లకి వేరే పేర్లు పెట్టు. పేర్లు పెట్టే ముందు ఆర్టిసాన్‌లో (లారావెల్ కమాండ్ లైన్ టూల్) రూట్ లిస్ట్ కమాండ్ కొట్టి ఉన్నవన్నీ ఒకసారి చూసుకో.

రెండోది, ప్రతి లింక్ దగ్గరా అదే ఇఫ్-ఎల్స్ కాపీ కొట్టావు. నావ్-లింక్ అని ఒక బ్లేడ్ కాంపొనెంట్ (లారావెల్ టెంప్లేట్లలో ఒకసారి రాసి ఎన్నిచోట్లైనా వాడుకునే ముక్క) చెయ్యి, దానికి అడ్రస్, యాక్టివ్ అవునా కాదా అన్నది మాత్రం పంపు. లారావెల్‌కి ఉన్న బ్రీజ్ స్టార్టర్ కిట్‌లో సరిగ్గా ఇలాంటిదే ఉంటుంది, తెరిచి చూడు. యాక్టివ్ అనే ప్రాప్ (కాంపొనెంట్‌కి పంపే విలువ) ముందు కోలన్ పెట్టడం మాత్రం మర్చిపోకు. కోలన్ లేకపోతే బ్లేడ్ నీ కండిషన్‌ని నడపదు, ఉన్నది ఉన్నట్టు స్ట్రింగ్‌గా పంపుతుంది. ఖాళీ కాని స్ట్రింగ్ పీహెచ్‌పీకి నిజమే ('0' ఒక్కటీ తప్ప). అంటే మెనూ మొత్తం వెలుగుతుంది. కొత్తగా చేరినవాళ్లు సాయంత్రం దాకా సీఎస్ఎస్‌లో తప్పు వెతుకుతూ కూర్చునేది దీనికే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. నీ మెనూలో యాక్టివ్ లింక్‌కి రంగు తప్ప ఇంకే తేడా లేదు. రంగులు సరిగా కనబడనివాళ్లున్నారు, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పనిచేసుకునేవాళ్లున్నారు. వాళ్లూ నీ యూజర్లే. లింక్ మీద, ఇప్పుడున్నది ఇక్కడే అని చెప్పే 'ఏరియా-కరెంట్' (aria-current) అనే యాట్రిబ్యూట్ పెట్టు. లిస్ట్ పేజీలో ఉంటే విలువ 'పేజ్', ఆర్డర్ లోపలి పేజీలో ఉంటే 'ట్రూ'. ఎన్‌వీడీఏ లాంటి రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది. యాక్టివ్ అనే క్లాస్ ఇక అక్కర్లేదు, సీఎస్ఎస్‌ని కూడా ఈ యాట్రిబ్యూట్‌కే కట్టెయ్యి. అప్పుడు కంటికి ఒకటి, చెవికి ఒకటి అయ్యే అవకాశమే ఉండదు. యాక్టివ్ కాని లింక్‌కి ఆ విలువగా ఫాల్స్ ఇస్తే, కాంపొనెంట్ యాట్రిబ్యూట్స్ బ్యాగ్ (ప్రాప్స్ కాని మిగతా యాట్రిబ్యూట్లని హెచ్‌టీఎంఎల్‌లో రాసేది) దాన్ని అసలు ప్రింటే చెయ్యదు. రంగుతో పాటు ఎడమ పక్కన ఒక మందపాటి గీత కూడా పెట్టు.

మెనూ ఐటమ్స్‌ని కాన్ఫిగ్ ఫైల్‌లో పెడదామన్న నీ ఆలోచన మంచిదే. పేరు, రూట్ పేరు, ప్యాటర్న్, అన్నీ మామూలు స్ట్రింగ్స్‌గానే ఉంచు. అక్కడ క్లోజర్ (పేరులేని ఫంక్షన్) రాశావంటే నీ మెషీన్‌లో నడుస్తుంది, సర్వర్‌లో కాన్ఫిగ్ క్యాష్ చేసేటప్పుడు (వేగం కోసం అన్నీ ఒకే ఫైల్‌గా దాచేటప్పుడు) ఎర్రర్ వస్తుంది. యూఆర్ఎల్ తయారుచేసే రూట్ ఫంక్షన్‌ని కూడా అక్కడ పిలవకు, కాన్ఫిగ్ చదివే సమయానికి రూట్లు ఇంకా లోడ్ అయి ఉండవు. ఆ పని కాంపొనెంట్‌లో చెయ్యి.

స్పీడ్ కోసం మెనూ హెచ్‌టీఎంఎల్‌ని క్యాష్‌లో పెట్టొద్దు. ఒకరు ఆర్డర్స్‌లో ఉండగా తయారైన మెనూ, కస్టమర్స్ పేజీలో ఉన్న ఇంకొకరికి వెళ్తుంది. క్యాష్ చెయ్యాలంటే డేటా వరకే.

'పేజీ దొరకలేదు' అనే 404 పేజీకీ ఇదే లేఅవుట్ వాడుతున్నావు. లేని అడ్రస్ కొడితే అక్కడ రూట్ అనేదే ఉండదు. నువ్వు ఒకచోట రిక్వెస్ట్ నుంచి రూట్ తీసుకుని నేరుగా పేరు అడిగావు, అది నల్ (ఏమీ లేదనే విలువ) మీద మెథడ్ పిలిచినట్టవుతుంది, ఎర్రర్ పేజీ మీదే ఎర్రర్. రూట్‌ఈజ్ అయితే గొడవ లేకుండా ఫాల్స్ ఇస్తుంది. అది ముందు మార్చు.

అంతా అయ్యాక ఒక చిన్న టెస్ట్ రాయి. ఆర్డర్స్ రిపోర్ట్ పేజీ తెరిచి, వచ్చిన హెచ్‌టీఎంఎల్‌లో ఏరియా-కరెంట్ ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టాలి. ఒకటే ఉండాలి. పేజీలో ఫలానా మాట ఉందా అని చూసే అసర్ట్‌సీ వాడితే రెండో ఆర్గ్యుమెంట్‌గా ఫాల్స్ ఇవ్వు, లేకపోతే కొటేషన్ గుర్తులు ఎస్కేప్ అయిపోయి (హెచ్‌టీఎంఎల్ కోడ్‌లుగా మారిపోయి) టెస్ట్ ఊరికే ఫెయిల్ అవుతుంది. ఆ టెస్ట్ పాసయ్యాక బ్రాంచ్ పుష్ చేసి నాకు చెప్పు, రాత్రి చూస్తాను.

మీ పిన్ని