ట్రైనర్ మీద రోడ్డు అనుభూతి రావాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంట్లోనే సైకిల్ తొక్కడానికి దాన్ని బిగించే ట్రైనర్ మీద తొక్కుతుంటే బురదలో కాళ్లీడుస్తున్నట్టుందని రాశావు. కొత్తది కొనే ఆలోచన కాస్త పక్కన పెట్టు నాయనా. ముందు నీకు లోటేమిటో తేల్చుకో: బండి దూసుకుపోయే ఊపా, పక్కలకు ఒరిగే వీలా?

సైకిల్‌తో కలిపి 80 కిలోలున్న మనిషి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాదాపు 2,780 జౌళ్ల గతిశక్తి ఉంటుంది. పెడళ్లు ఒకటి నిట్టనిలువుగా పైన, ఒకటి కింద ఉన్నప్పుడు కాలి బలం తగ్గినా బండిని లాక్కుపోయేది అదే. ఇంట్లో ఆ పని ట్రైనర్‌లో తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్, చెయ్యాలి. దాని వేగం రెట్టింపైతే అందులోని శక్తి నాలుగింతలవుతుంది. అందుకే ముందు పెద్ద పళ్లచక్రం, వెనక చిన్నది వేసి చూడు. చదును రోడ్డులా సాఫీగా సాగుతుంది. ముందు చిన్నది, వెనక పెద్దది వేస్తే ప్రతి తొక్కుకూ కాలికి బరువు తగులుతుంది. వాట్లను యంత్రమే నిలిపి ఉంచే ఎర్గ్ మోడ్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది. నిజం కొండమీదా అంతే: గంటకు 10 కిలోమీటర్లతో ఎక్కేటప్పుడు గతిశక్తి 30లో ఉన్నదాంట్లో తొమ్మిదో వంతే. కాబట్టి ఎత్తులు ఎక్కడం సాధన చేసే రోజున ముందు చిన్న పళ్లచక్రమే వెయ్యి.

ఒరగడం కావాలంటే రోలర్లే, అంటే సైకిల్‌ని బిగించకుండా చక్రాల కింద తిరిగే గొట్టాలు. ట్రైనర్ కింద వేసే ఊగే పలక నడుముకు హాయే గానీ, హ్యాండిల్‌తో బండిని నిలబెట్టుకునే పని నీకివ్వదు. రోలర్ల మీద ఆ పనంతా నీదే. ఒరిగిన వైపుకే హ్యాండిల్ పిసరంత తిప్పి చక్రాల్ని నీ కిందికి తెచ్చుకోవాలి. అయితే మామూలు రోలర్లలో ఊపు తక్కువ, తొక్కడం ఆపితే చక్రాలు త్వరగా ఆగిపోతాయి. ఇది తెలిసే కొను.

మొదట్లో గుమ్మంలో పెట్టుకో, ద్వారబంధం చేతికందాలి. ముందు చక్రం ఇరుసు ముందు రోలర్ ఇరుసుకు దాదాపు నేరుగా పైనుండాలి. మరీ తేలిక గేరు వద్దు, చక్రాలు నెమ్మదిస్తే తూలుడు ఎక్కువవుతుంది. చూపు చక్రం మీద కాకుండా కొన్ని అడుగుల ముందు నిలుపు. మోచేతులు బిగించకు. నీళ్ల సీసా తీసేటప్పుడు రెండో చేతిని హ్యాండిల్ నడిమికి జరుపుకో. చివర పట్టుకుంటే చిన్న కుదుపుకే చక్రం పక్కకు పోతుంది.

బిగించిన ట్రైనర్ మీద నిలబడి తొక్కితే బండిని అటూ ఇటూ లాగకు, ఫ్రేముకు మంచిది కాదు. ఎదురుగా పెద్ద ఫ్యాను తప్పకుండా పెట్టు. ఎదురుగాలి లేని ఇంట్లో ఒళ్లు వేడెక్కి, అదే శ్రమ రెట్టింపు బరువనిపిస్తుంది.

ఓ వారం గేర్లు మార్చి తొక్కి చూడు. అప్పటికీ ఒరగడమే లోటనిపిస్తే రోలర్లు తీసుకో. మొదటిసారి ఎక్కేటప్పుడు పక్కన ఎవరినైనా ఉండమను.

ఇట్లు
మీ బాబాయి