స్టీరింగ్ ఆర్మ్‌కి మంట చూపించకు

చిన్నా,

నీ అబార్త్ పుంటో కారుకి పొట్టి స్ప్రింగులు వేశావనీ, గోతిలో దిగినప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే పక్కకి లాగుతోందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వే సరిచేసుకుంటానన్నావట. మా షెడ్డులో పానాలు అందించిన పిల్లాడివి, గర్వంగా ఉంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. 145 హార్స్‌పవర్ బండి, పైగా సుంకి ఘాటీ కొండదారి.

నేల మీద నిలబెట్టి చేసే అలైన్‌మెంట్‌తో ఇది పోదు. బండి కిందికి దిగితే చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్, స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తిప్పే టై రాడ్ రెండూ వాలు మారతాయి. ఆ రెండూ ఒకేలా ఊగకపోతే చక్రం పైకి లేచినప్పుడల్లా టై రాడ్ దాన్ని తిప్పేస్తుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. స్ప్రింగుని నొక్కిపట్టే కంప్రెసర్ పెట్టి స్ప్రింగ్ తీసెయ్. స్టీరింగ్ కదలకుండా కట్టి, జాకీతో చక్రాన్ని సెంటీమీటరు చొప్పున లేపుతూ ప్రతిసారీ టో, అంటే చక్రం ముందువైపు లోపలికో బయటికో ఎంత తిరిగిందో, కొలిచి రాసుకో. టై రాడ్ ఎండ్ ఎత్తు మార్చే కిట్ నీ బండికి సరిగ్గా దొరికితే వెయ్యి. దొరక్కపోతే పాత స్ప్రింగులే బిగించు, సిగ్గుపడకు.

మీ నాన్నకి పెళ్లి కాకముందు మాట. పద్మినీ కారుకి స్ప్రింగులు కోశాను, ఇదే రోగం వచ్చింది. టై రాడ్ తగులుకునే స్టీరింగ్ ఆర్మ్‌ని గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, సుత్తితో వంచి, బకెట్టు నీళ్లు కుమ్మరించాను. చుయ్‌మంది. మూడు వారాలు బండి దారం పట్టినట్టు నడిచింది. మీ నాన్న మందుల కోసం సాలూరు బయల్దేరాడు. సుంకి దాటాక మలుపులో ఆర్మ్ పుటుక్కున విరిగింది. బండి కొండవైపు కొట్టుకుంది, లోయవైపు కాదు. విరిగిన చోట లోహం పంచదార పలుకుల్లా మెరిసింది. ఎర్రగా కాల్చి నీళ్లు పోస్తే ఉక్కు పెళుసెక్కిపోతుందని నాకప్పుడు తెలీదు. నుదుటికి కట్టు కట్టించుకుని వచ్చి, ఇంట్లో అందరికీ రాయి అడ్డొచ్చిందని చెప్పాడు వాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను ఒక్క మాటనలేదు. ఆ నుదుటి మచ్చ మీద చిన్నప్పుడు నువ్వు వేలు పెట్టి ఆడుకునేవాడివి.

అందుకే చెప్తున్నా. స్టీరింగ్ ముక్కకి మంట వద్దు, వెల్డింగ్ వద్దు, డ్రిల్లు అసలే వద్దు. విప్పిన లాక్ నట్లు పారేసి కొత్తవి వెయ్యి. బిగించాక బండిని జయపురం తీసుకురా. నేను కిందికి దూరి ఒక్కో నట్టూ చేత్తో తడిమి చూసేదాకా ఘాటీ దిగకు.

మీ పెదనాన్న