గ్రీసులో 1967 నాటి సైనిక కుట్ర: అంత సులువుగా ఎలా జరిగింది?

పేరున్న నాయకులు అంతమంది ఉండగా, కొందరు కల్నల్స్ ఒక్క రాత్రిలో గ్రీసును ఎలా చేజిక్కించుకోగలిగారని అడిగారు. ఉద్యోగం కోసం నేను ఏథెన్స్‌లో మూడేళ్లు ఉన్నాను. మా ఇంటి ఓనరు డెబ్భై దాటిన పెద్దాయన, ఆ రోజుల్లో విద్యార్థి. ఇదే ప్రశ్న ఆయన్ని అడిగితే, 1967 సంగతి పక్కనపెట్టి వాళ్ల నాన్నగారికి రాని ఒక కాగితం గురించి చెప్పారు.

జర్మన్లు దేశాన్ని ఆక్రమించినప్పుడు ఆ నాన్నగారు వామపక్ష ప్రతిఘటన దళంలో పనిచేశారు. తర్వాత 1946 నుంచి 1949 దాకా అంతర్యుద్ధం జరిగింది, కమ్యూనిస్టులు ఓడిపోయారు. యుద్ధం ముగిసినా అనుమానం పోలేదు. సర్కారు ఉద్యోగానికైనా, పాస్‌పోర్టుకైనా ‘ఇతని భావాలు సరైనవే’ అని పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆయనకు అది రాలేదు. టీచరు కావలసిన మనిషి రేవులో బస్తాలు మోశారు. దేశాన్ని కాపాడేది మేమే, ఓట్లేసే జనం కాదు అని సైన్యం, పోలీసులు, రాజభవనం నమ్మడం అప్పుడే అలవాటైపోయింది. నా దృష్టిలో అసలు జబ్బు ఇదే.

1964 ఫిబ్రవరి ఎన్నికల్లో మధ్యేవాద పార్టీ నాయకుడు జార్జియోస్ పాపాండ్రూ సగానికి పైగా ఓట్లతో గెలిచి ప్రధాని అయ్యారు. అంత మద్దతు ఉన్నా సైన్యం ఆయన చేతికి రాలేదు. 1965 జులైలో రక్షణ శాఖ తానే తీసుకుంటానంటే పాతికేళ్ల రాజు కాన్‌స్టాంటైన్ ఒప్పుకోలేదు. సైన్యంలో ఒక రహస్య బృందంతో పాపాండ్రూ కొడుకు ఆండ్రియాస్‌కు సంబంధం ఉందని ఆరోపణలున్నాయి, అదే సాకు. జులై 15న పాపాండ్రూ దిగిపోయారు. రాజు ఆయన పార్టీలోంచే మనుషుల్ని లాగి ప్రభుత్వాలు కట్టించాడు. మొదటి రెండూ పార్లమెంటులో నిలబడలేదు, మూడోది నిలిచింది. ఫిరాయింపులు చూసిన మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. వారాల తరబడి జనం వీధుల్లోనే ఉన్నారు. జులై 21న నిరసన ఊరేగింపులో సోటిరిస్ పెట్రూలాస్ అనే విద్యార్థి ప్రాణం పోయింది. మా ఓనరు కూడా ఆ ఊరేగింపులో ఉన్నారట. ఆ పేరు చెప్పి చాలాసేపు మాట్లాడలేకపోయారు.

చివరికి 1967 మే 28న ఎన్నికలు పెట్టారు. పాపాండ్రూయే మళ్లీ గెలుస్తారని అందరికీ తెలుసు. ఏప్రిల్ 21 తెల్లవారేసరికి రేడియోలో మిలిటరీ బ్యాండు మోగుతోంది. కమ్యూనిస్టుల తిరుగుబాటు వస్తే వాడాలని ముందే సిద్ధం చేసి ఉంచిన పథకాన్నే కల్నల్ పాపడోపౌలోస్ ముఠా ప్రభుత్వం మీద వాడింది. నాయకుల్ని పక్కల మీంచే లేపి పట్టుకెళ్లారు. మాజీ ప్రధాని కరమన్లిస్ అప్పటికే పారిస్‌లో ఉన్నారు. రాజు కల్నల్స్ చేత ప్రమాణం చేయించాడు. డిసెంబరులో ఎదురు కుట్ర చేయబోయి, విఫలమై రోమ్‌కు పారిపోయాడు. ఇక అడ్డుకునేదెవరు? రెండేళ్లుగా పార్లమెంటు పరువు తీసింది ఈ రాజూ, ఫిరాయించినవాళ్లే కదా. కల్నల్స్‌ది నేరం, అందులో సందేహం లేదు. కానీ తలుపు గడియ తీసి పెట్టినవాళ్లలో రాజును మొదట లెక్కించాలి, ఫిరాయించినవాళ్లను ఆ తర్వాత.

కల్నల్స్ మీద విద్యార్థులు తిరగబడినప్పుడు, 1973 నవంబరు 17న ట్యాంకు కూల్చిన ఏథెన్స్ పాలిటెక్నిక్ కాలేజీ గేటును ఇప్పటికీ ఆ ఆవరణలోనే ఉంచారు. ఏటా ఆ రోజుల్లో జనం పూలు తెచ్చి పెడతారు. ఓనరుగారితో నేనూ వెళ్లాను. 1974లో కల్నల్స్ పాలన కూలి, కరమన్లిస్ తిరిగొచ్చి కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేశారు. ఆండ్రియాస్ ప్రభుత్వం 1982లో జర్మన్ల మీద ఆనాడు జరిగిన ప్రతిఘటన పోరాటాన్ని గుర్తించింది. అప్పటికి వాళ్ల నాన్నగారు పోయి నాలుగేళ్లట.